ఊదు పొగ మీద పడ్డ నింద

“పొగ పెట్టి సంపినవ్ పెద్దమ్మా! అది మిషన్. దాంట్లకెళ్లి గాలి ఆడాలె. నువ్వు శుక్రారం శుక్రారం ఊదేసి ఊదేసి దాని పానం దీసినవ్.”

“నా ఊదు పొగకు మగ్గం సావలే, మనిషి సావలే. మీ పెద్దబాపు ఆ పొగలనే కూసొని నేసిండు. నీ డబ్బా ఒక్కటే సచ్చిందా?”

“మగ్గం కట్టెది పెద్దమ్మా. ఇది కరెంటుది. లోపట ప్రాసెసర్ అని ఉంటది, అది ఉడికిపోయింది. డిస్కు గూడ పోయింది. అంచులన్ని పోయినయ్. ఇగ దాన్ని తుక్కుల ఏస్త, తియ్.”

“డబ్బా మీద చెయ్యేసి చూడు. ఆ చెయ్యి నీ భుజానికి ఉండది.”

“చూస్తున్నవా బాపూ? పెద్దబాపు గీసిన అంచులు ఆమెనే కాల్చుకున్నది, మల్ల నా మీదికే లేస్తది!”

ఆ రోజు పెత్తరమాస. పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చుకునే అమావాస్య. నా భర్త పేరున వేసిన విస్తరిలో అన్నం మీద ఆవిరి ఇంకా పోలేదు. ఆ విస్తరి ముందర నిలబడి నా మరిది కొడుకు నన్ను ఆ మాట అన్నాడు. అరుగు మీద నా మరిది ఉన్నాడు. ఆయన పక్కన ఆయన భార్య, అంటే నా యారాలు ఉంది. తలుపు చాటున నా మనవరాలు ఉంది. మరిది తల వంచుకుని తన వేళ్లు చూసుకున్నాడు. యారాలు ఊరుకోలేదు.

“పోనియ్ కొడుకా, అక్క తెలిసి చేసిందా? మూడో తరగతి సదువు. పొగ మంచిదే అనుకున్నది పాపం.”

కొడుకు తిట్టింది ఒక ఎత్తు, తల్లి పడ్డ జాలి ఒక ఎత్తు. తిట్టును తిట్టుతో కొట్టవచ్చు. జాలిని దేనితో కొడతాం? ఆ ‘పాపం’ దగ్గరే నేను నిశ్చయం చేసుకున్నాను. ఈ మాటను వీళ్ల నోటితోనే వెనక్కి తీయించాలి. నలుగురిలో అన్నారు కనుక నలుగురిలోనే తీయించాలి. ఆ పూట నేను వడ్డించిన అన్నం తిని, చేతులు కడుక్కుని, తాంబూలం వేసుకుని పోయారు. నేను ఇంకో మాట అనలేదు. మాట దాచుకోవడం నాకు బాగా వచ్చు. సబ్బు ముక్క అరిగితే దాన్ని కొత్త సబ్బుకు అతికించి వాడే మనిషిని, మాటను మాత్రం ఊరికే ఎందుకు పారేసుకుంటాను?

మాది చొప్పదండి దగ్గర. నేత ఇల్లు. చేతిమగ్గం ఉన్న రోజుల్లో నా భర్త చీరల అంచుల బొమ్మలు తానే గీసుకునేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుకుంటూ పోయేవాడు. ఒక గడి అంటే ఒక పోగు. జొన్నకంకి అంచు, గవ్వల అంచు, అన్నిటికన్నా చివర గునుగు పువ్వు అంచు. బడాయికి చెప్పడం లేదు, ఆ గునుగు పువ్వు చీర కట్టుకుని బతుకమ్మ ఆడటానికి పోతే పక్క వాడకట్టు ఆడవాళ్లు నా కొంగు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేవారు. ఆయన పోయాక మగ్గం కూడా పోయింది. నా కొడుకూ కోడలూ ఇప్పుడు వేరేవాళ్ల షెడ్డులో మరమగ్గాల మీద కూలికి నేస్తారు. పొద్దున పోతే పొద్దుగూకినాకే రావడం.

మనవరాలు కరీంనగర్‌లో డిప్లొమా చదివింది. మగ్గం ఉన్న గదిలోనే కంప్యూటర్ పెట్టుకుని, ఆ షెడ్డుకు అంచుల డిజైన్లు చేసి ఇస్తుంది. తాత గీసిన గళ్ల కాగితాలను ఫోటోలు తీసి, గడికి గడి సరిచూసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మంచి పని చేసింది. ఆ తర్వాత వచ్చిన ముసురుకు వెనక గోడ కూలింది, పెట్టె నానింది, కాగితాలన్నీ పిండిముద్ద అయిపోయాయి. షెడ్డుకు పంపే పెన్‌డ్రైవులో ఎప్పుడూ అప్పటికి నేస్తున్న ఒక్క అంచే ఉంటుంది. అది అయిపోగానే తుడిచి ఇంకొకటి వేస్తుంది. అంటే నా భర్త అంచులన్నీ ఆ డబ్బా లోపలి డిస్కు మీదనే ఉన్నాయి, ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. దసరా నాడు మగ్గం పూజ చేసి గునుగు పువ్వు అంచుతో పెళ్లిళ్ల సరుకు మొదలుపెడదామని షెడ్డు సేటు నా మనవరాలికి చెప్పి ఉన్నాడు.

అందుకే, ‘ఆమెనే కాల్చుకున్నది’ అన్నది ఊరికే గాలికి పోయే మాట కాదు. మొగుడు ఒకసారి పోయాడు. రెండోసారి ఆయనను నా చేతులతో నేనే పంపానని ఆ మాటకు అర్థం.

ఇక ఊదు సంగతి. సాంబ్రాణిని మా దిక్కున ఊదు అంటాం. శుక్రవారం దీపాల వేళ మగ్గానికి ఊదు వేయడం మా అత్త నాకు అప్పజెప్పిన పని. మగ్గం పోయి ఆ చోట కంప్యూటర్ వచ్చింది కనుక కంప్యూటర్‌కు వేశాను. ఏది అన్నం పెడితే దానికి వేస్తాం. అది కూడా దుబారాగా కాదు. పిడక నిప్పు మీద చిటికెడు, అంతే.

మరిది కొడుకుకు కరీంనగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. అటు శ్రీరాంపూర్ దాకా పోయి పని చేసి వస్తాడు. మా డబ్బాకు వచ్చిన రోగం నిజానికి చాలా చిన్నది. ఆపి మళ్లీ పెట్టినప్పుడల్లా అందులో గడియారం కొంచెం వెనకబడేది. మనవరాలు చెబితే వాడు వచ్చి, లోపలున్న అంగీ గుండీ అంత బ్యాటరీ మార్చాడు. పనిలో పని దుమ్ము కూడా దులుపుతానని ప్రాసెసర్ మీది ఫ్యాను ఊడదీసి మళ్లీ పెట్టాడు. ఆ పనంతా చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో మాట్లాడుతూ చేశాడు. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను, చూశాను. చాయ్ చల్లారేదాకా కూడా ఆగలేదు. ఆ సాయంత్రం నుంచి డబ్బా లేవలేదు. నీలం తెర రావడం, కాసేపటికి దానంతట అదే ఆరిపోవడం. మళ్లీ పిలిస్తే వచ్చి, తాకీ తాకకుండా చూసి, పోయింది అన్నాడు. ఎందుకు పోయిందో అప్పుడు చెప్పలేదు. పెత్తరమాస నాడు వాళ్ల బాపు గట్టిగా అడిగితే కారణం దొరికింది వాడికి. ఆ కారణం నేను.

వాళ్లు పోయిన మరుక్షణం మనవరాలిని పిలిచాను.

“డబ్బా పని పట్టు.”

“కాక చెప్పిండు గద బాపమ్మా, పోయిందని. ఆయనకు తెల్వదా?” మరిది కొడుకు దానికి బాబాయి వరస, కాక అని పిలుస్తుంది.

“ఆయనకు ఏం తెలుసో నాకు తెల్వాలె. పట్టు.”

“నేను చేస్తె ఇంకింత ఖరాబైతే?”

“సచ్చిందంటున్నరు గదా. సచ్చినదానికి ఇంకేం ఖరాబే?”

అది నవ్వింది. నవ్వితే దాని భయం పోతుంది, నాకు తెలుసు.

కరెంటు పెట్టి, ఒక మీట అదేపనిగా నొక్కుతూ ఉంటే నీలం తెర కన్నా ముందే వేరే తెర ఒకటి వచ్చింది. అది మదర్‌బోర్డు సొంత తెర అట. డిస్కు ఉన్నా లేకున్నా అది వస్తుందట. ఇంట్లో అందరూ పడుకున్నా వాకిట్లో మేల్కొని కూర్చునే ముసలిదాని లాంటిదన్నమాట. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరికి ఒళ్లు కాలుతుంది, అన్నీ దానికి తెలుస్తాయి.

“ఇగో, గీడ ప్రాసెసర్ వేడి చూపిస్తది. నువ్వు అంకెలు చదువుకుంట ఉండు బాపమ్మా, నేను మిగతాది చూస్త.”

అంకెలు నాకు వస్తాయి. ఏభై ఎనిమిది అని చదివాను. అరవై ఆరు. డెబ్బై నాలుగు. ఎసరు పెట్టిన గిన్నెలాగ అది ఎక్కుతూనే ఉంది. తొంభై దాటిందో లేదో డబ్బా టక్కున ఆరిపోయింది.

“గింత జల్ది ఎక్కొద్దు బాపమ్మా. ఉత్తగ ఉన్నప్పుడు నలభై, నలభై అయిదు ఉండాలె. వేడి తట్టుకోలేక తనంతట తానే బందవుతుంది.”

“మనిషికి జరం గూడ గిట్ల ఎక్కది గదనే.”

వైరు పీకేసి, చల్లారనిచ్చి, అప్పుడు పక్క రేకు ఇప్పింది. లోపల నేను మొదట వెతికింది మసి కోసం. వాడు చెప్పినట్టు నా పొగ మసి ఉంటే నోరు మూసుకుని ఉందామనే చూశాను. కళ్లజోడు పెట్టుకుని, టార్చి పట్టించి చూశాను. ఇంత దూది నూగు ఉంది. మసి లేదు. ప్రాసెసర్ మీద వెండి దువ్వెన పళ్లలాంటి దిమ్మె, దాని మీద ఫ్యాను. దానికి నాలుగు కాళ్లు. మూడు కాళ్లు బోర్డు రంధ్రాల్లో దిగి ఉన్నాయి. నాలుగోది దిగలేదు, గాలిలో వేలాడుతుంది. వేలుతో తడితే దిమ్మె అంతా కదిలింది, కుక్కిమంచం కోడు కదిలినట్టు.

దాన్ని ఊడదీస్తే కింద పాత తెల్ల మందు ఎండి, సున్నం పెచ్చుల్లాగా రాలింది. ప్రాసెసర్ వేడి దిమ్మెకు అందాలంటే మధ్యలో ఆ మందు పూయాలట. దిమ్మెను ఊడదీసిన ప్రతిసారీ పాతది తుడిచి కొత్తది పూయాలట. ఇక్కడ తుడిచినవాడు లేడు, పూసినవాడు లేడు.

“ఎవ్వలు పెట్టిన్రు దీన్ని?”

“కాకనే గద బాపమ్మా, మొన్న.”

“ఎవ్వలు?”

“కాకనే.”

రెండోసారి వినాలనిపించింది, అందుకే అడిగాను.

మనవరాలు కరీంనగర్ పోయి చిన్న మందు గొట్టం తెచ్చింది. నా పాత చీర పేలికతో పాతదంతా తుడిచి, కొత్తది గోరంత పూసి, నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే టక్ మనేదాకా నొక్కింది. మళ్లీ ఆ తెర తెచ్చి నన్ను అంకెల ముందు కూర్చోబెట్టింది. నలభై ఒకటి. నలభై రెండు. అన్నం కుండ దగ్గర కూర్చున్నట్టు కూర్చుని చూశాను. నలభై మూడు దాటలేదు.

అయినా నీలం తెర పోలేదు. డబ్బా ఆరిపోవడం ఆగింది కానీ లేవడం లేదు. ప్రాసెసర్ ఉడకడం అబద్ధమైనా డిస్కు పోవడం నిజమేమో అనుకున్నాను. మనవరాలు మదర్‌బోర్డు తెరలో ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది.

“బాపమ్మా, డిస్కు పేరు గీడ కనపడ్తుంది. సైజు గూడ మంచిగనే చూపిస్తుంది.”

“సచ్చినోన్ని పేరు వెట్టి పిలిస్తె పల్కుతడా?”

“పల్కడు.”

“మరి ఇది పల్కుతుంది గదా. ఇంకా చూడు.”

చూసింది. ఫోనులో ఏదో చదివింది, మళ్లీ చూసింది. దొరికింది. డిస్కుతో మదర్‌బోర్డు మాట్లాడే పద్ధతులు రెండు మూడు ఉంటాయట. ఆ మాటలు నడిపేదాన్ని కంట్రోలర్ అంటారట. డబ్బా కొన్న రోజు ఒక పద్ధతి పెట్టి, దాని మీదనే అన్నీ ఎక్కించారు. గుండీ బ్యాటరీ తీసేసరికి బోర్డు తనకు చెప్పినవన్నీ మరిచిపోయి, పుట్టినప్పుడు నేర్చిన పాత పద్ధతికి పోయింది. మనవరాలు చదివి చూపించింది, ఇప్పుడున్నది ఐడీఈ, ఉండాల్సింది ఏహెచ్‌సీఐ అని. అక్షరాలు నాకు అక్కర్లేదు, సంగతి అర్థమైంది. నిలువు పోగుల పడుగు అదే, అడ్డం పోగుల పేక అదే, కానీ మగ్గం అచ్చులో పోగులు ఎక్కించే వరుస మారితే జొన్నకంకి రాదు, గజిబిజి వస్తుంది. గజిబిజి వచ్చిందని పడుగు మొత్తం కోసి పెంటకుప్ప మీద వేస్తామా? వరుస చూసుకుంటాం. నేత ఇంట్లో పుట్టినవాడు వరుస చూడకుండా పడుగు పోయిందన్నాడు.

మనవరాలు ఆ ఒక్క వరుస మార్చి, దాచమని మీట నొక్కింది. నీలం తెర రాలేదు. డబ్బా లేచింది. జొన్నకంకి వచ్చింది, గవ్వలు వచ్చాయి. గునుగు పువ్వు తెర నిండా వచ్చింది. ఒక పువ్వు కాడ దగ్గర నా భర్త పొరపాటున నింపిన గడి ఒకటి ఉంటుంది. నేసినప్పుడల్లా అది చూసి నాలుక కరుచుకునేవాడు. ఆ గడి కూడా అక్కడే ఉంది.

ఏడ్చానా అంటే ఏడవలేదు. పోయిందనుకున్న సొమ్ము దొరికితే అది పోయిందని చెప్పినవాడి మీద కోపం రెట్టింపవుతుంది. నాకు అదే అయింది. ముందు ఆ అంచులన్నిటినీ ఇంకో చోట కూడా ఎక్కించి పెట్టమన్నాను. అది అయ్యేదాకా మనవరాలిని కుర్చీలోంచి లేవనివ్వలేదు.

“కాకకు ఫోన్ చేస్త బాపమ్మా. సంబురపడ్తడు.”

“ఫోన్ కింద పెట్టు.”

“ఎందుకే?”

“నన్ను అందరి ముందట అన్నడు. ఫోన్ల చెప్తె ‘అట్లనా పెద్దమ్మా’ అంటడు, అయిపాయె. గా ‘అట్లనా’తోని నా కడుపు నిండది. ఎవ్వలకు చెప్పకు. మీ అవ్వకు, మీ బాపుకు గూడ చెప్పకు.”

బతుకమ్మ రోజులన్నీ ఆ సంగతిని జాడీకి వాసెన కట్టినట్టు కట్టి ఉంచాను. ఆడుతున్న చోట యారాలు పక్కవాళ్లకు చెబుతూనే ఉంది, మా అక్క పొగకు అంచులన్నీ పోయినయని. వాళ్లు నా వైపు తిరిగి అయ్యో అన్నట్టు చూశారు. చూడనిచ్చాను. ఆ చూపులను కూడా ఆ జాడీలోనే వేసుకున్నాను. కారం ఊరేకొద్దీ పదునెక్కుతుంది.

నేను పిలవాల్సిన పని లేకుండానే యారాలు కుంకుమ భరిణె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. దసరా పొద్దున కొడుకు కరీంనగర్‌లో ఇంకా పెద్ద దుకాణం తెరుస్తున్నాడు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మగ్గం గానీ కొత్త మిషన్ గానీ పెడితే దానికి మొదటి పసుపు దారం, ముత్తైదువ అయినా కాకపోయినా, బొట్టు పెట్టి పిలిచి ఇంటి పెద్దకోడలితోనే కట్టించాలి. మా అత్త కట్టింది, ఆమె తర్వాత నేను కడుతున్నాను. యారాలు ఇంటి మగ్గాలన్నిటికీ నేను కట్టిన దారాలే. ఆ ముడి మా అత్త నాకు ఒక్కదానికే చూపించింది.

“అక్కా, నువ్వచ్చి దారం కట్టాలె,” అని బొట్టు పెట్టింది.

“నాది పొగ చెయ్యి గద చెల్లె. కొత్త మిషన్లు సస్తె ఎట్ల?”

“ఇంకా గదే పట్టుకొని ఉన్నవా? పిలగాడు నోరు జారిండు.”

“జారింది వాని నోరు. పగిలింది నా పేరు.”

“గట్లంటె ఎట్లక్కా? నువ్వు కట్టనిది తాళం తియ్యనియ్యనంటుండు మీ మరిది.”

“మరిది ఒక్కడన్న మర్యాద తెలిసినోడు ఉన్నడు మీ ఇంట్ల.”

యారాలు భరిణె మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. “ఏం జెయ్యమంటవో చెప్పు.”

“పండుగ ముందటి రోజు పొద్దుగూకంగ కొడుకును తోల్కరా. మరిదిని గూడ తోల్కరా. సచ్చిన డబ్బాను వాడు నా ముంగట ఇంకోసారి చూడాలె.”

“చూస్తె వస్తవా మరి?”

“ముందుగాల చూడనియ్.”

వస్తానని నేను అనలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఆ సాయంత్రం వాళ్లు రాకముందే మనవరాలితో కంట్రోలర్‌ను మళ్లీ వాడు వదిలిపోయిన పద్ధతికే పెట్టించాను. అది మీట మీద వేలు పెట్టి ఆగింది.

“పాపం అనిపిస్తుంది బాపమ్మా.”

“అనిపిస్తె నీ దగ్గర పెట్టుకో. వాళ్ల ఇంట్ల పాపాలు మస్తున్నయ్, మొన్న నాకొకటి ఇచ్చిన్రు.”

వాళ్లు వచ్చారు. మరిదికి కుర్చీ వేశాను. యారాలికి చాప పరిచాను. వాడిని డబ్బా ముందర కూర్చోమన్నాను. కొత్త అంగీ, చేతిలో రెండు ఫోన్లు. మీట నొక్కాడు. నీలం తెర వచ్చింది.

“గిదే గద పెద్దమ్మా నేను చెప్పింది. డిస్కు పోయింది.”

“గట్టిగ చెప్పు. మీ బాపుకు జర చెవుడు.”

“డిస్కు పోయింది!”

“ప్రాసెసరో?”

“ఉడికింది.”

“ఎవ్వలు ఉడికిచ్చిన్రు?”

వాడు నవ్వాడు. “పండుగ పూట లొల్లెందుకు పెద్దమ్మా...”

“పెత్తరమాస పండుగ కాదా? ఆ పూట చెప్పినవ్ గదా. చెప్పు.”

“పొగ,” అన్నాడు, తెర వైపు చూస్తూ.

“లే ఇగ. బిడ్డను కూసోనియ్.”

మనవరాలు కూర్చుంది. మదర్‌బోర్డు తెర తెచ్చి, కంట్రోలర్ వరుస మీద ఆగింది. ఆమె దాన్ని ఇంకా మార్చనే లేదు, వాడి ముఖం మారింది. పని తెలియనివాడు కాదు కదా, ఆ వరుస చూడగానే తెలిసిపోయింది. వాడి ఫోను ఒకటి మోగింది, తీయలేదు. నేను తెరను చూడలేదు. తెరలో ఏముందో నాకు తెలుసు. వాడి ముఖాన్నే చూశాను, ఎసరు చూసినంత శ్రద్ధగా చూశాను.

జొన్నకంకి వచ్చింది. గవ్వలు వచ్చాయి. గునుగు పువ్వు వచ్చేసరికి మరిది కుర్చీలోంచి లేచి దగ్గరికి పోయాడు. కాడ దగ్గర వేలు పెట్టాడు.

“వదినె, గిది అన్న తప్పేసిన గడి గదా?”

“అవును,” అన్నాను. ఆయన ఆ వేలు చాలాసేపు తీయలేదు.

అక్కడితో ఆపవచ్చు. యారాలు కూడా ఆపుతాననే అనుకుని చాప మీది నుంచి లేవబోయింది. కానీ నాది సగమే అయింది. డిస్కు బతికిందని తేలింది, నా పొగ సంగతి ఇంకా తేలలేదు. పొయ్యిలో పిడక నిప్పు ముందే సిద్ధం చేసి ఉంచాను. ఊదు గిన్నెలో నిప్పులు పోసి తెచ్చి డబ్బా పక్కనే, ఫ్యాను గాలి పీల్చే వైపు పెట్టాను. నా జన్మలో ఊదు పిడికెడు వేసింది ఆ ఒక్కసారే. గది నిండిపోయింది. మనవరాలు వేడి చూపే చిన్న పెట్టె ఒకటి తెర మూలన తెరిచింది.

“చదువురా.”

“సాలు పెద్దమ్మా ఇంక.”

“నాకు సాల్లే. చదువు.”

“నలభై రెండు.”

“మీ అవ్వకు ఇనపడలే.”

“నలభై రెండు!”

ఇంకో చిటికెడు వేశాను. యారాలు దగ్గుతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మరిది కళ్లు తుడుచుకున్నాడు, పొగకో దేనికో. కాసేపు అలాగే కూర్చోబెట్టి మళ్లీ చదవమన్నాను.

“నలభై మూడు.”

“ఎక్కింది!” అంది యారాలు, దగ్గు మధ్యలోనే.

“గది వేడికి ఒకటి ఎక్కుతది అవ్వా. పొగకు కాదు,” అన్నాడు వాడు.

నా పొగ తరఫున వాడే మాట్లాడాడు. నేను అడగలేదు.

“మరి బిడ్డ ఫ్యాను ఊడదీసి మల్ల పెట్టకముందు తొంభై ఎందుకెక్కింది?”

వంగి రేకు సందులోంచి ఫ్యాను చూశాడు. “ఫ్యాను కాలు ఒకటి దిగలేదనుకుంట. మందు గూడ పూయలే. అది నేనే పెద్దమ్మా. బ్యాటరీ మార్చినంక కంట్రోలర్ సెట్టింగు చూడాలె, అదీ చూడలే. ఆ రోజు శ్రీరాంపూర్ నుంచి ఒకటే ఫోన్లు. పరేషాన్ల ఉన్న.”

“అది సరే. పొగ అని ఎందుకన్నవ్?”

“అందరు అడుగుతుండిరి. ఏదో ఒకటి చెప్పాలె గదా.”

వాడు అబద్ధం చెప్పలేదు, ఆ మాట నిజమే. నిజం కాబట్టే అది నాలో ఇంకా లోతుకు దిగింది. నా మీద పగతో అన్నా నాకు బాగుండేది. పగకు ఒక లెక్క ఉంటుంది, ఎదుటి మనిషికి ఒక విలువ ఉంటుంది. వాడికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది, కంటి ముందు ముసలిదీ ఊదు గిన్నే కనబడ్డాయి. విస్తరి ముందర, మొగుడి అన్నం ముందర, ఏదో ఒకటి.

నేను లేచి గిన్నె బయట పెట్టాను. అందరికీ చాయ్ పోశాను. చక్కెర ఎప్పటిలాగే తక్కువ వేశాను.

“ఒప్పుకున్నడు గదక్కా,” అంది యారాలు, గ్లాసులోని చాయ్ ఊదుకుంటూ. “మాదే తప్పు. మనసుల పెట్టుకోకు. పొద్దుగాల ఆటో తోలిపిస్త, వస్తవ్ గదా?”

“చాయ్ చల్లారుతుంది తాగు.”

ఆమె దాన్ని సరేనని అనుకుంది. మరిది మాత్రం అనుకోలేదు. గడప దాటేటప్పుడు ఆగి నా వైపు చూశాడు. ఆయనతో నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక మాట ఎక్కువ మాట్లాడింది లేదు, కానీ నా మౌనం ఆయనకు చదవడం వచ్చు. చెప్పులు తొడుక్కుని పోయాడు.

మర్నాడు దసరా. వాకిలి ఊడ్చి చల్లి ముగ్గు వేస్తుండగా ఆటో వచ్చింది. ఖాళీగానే పొమ్మన్నాను. స్నానం చేసి, పసుపు దారం తడిపి, మనవరాలి డబ్బాకు కట్టాను. పెన్‌డ్రైవులో గునుగు పువ్వు అంచు వేసుకుని మనవరాలు షెడ్డుకు పోయింది. అక్కడ మగ్గానికి పూజ చేసి ఆ అంచుతో జానెడు నేసి ఆపారు. అది తిరిగి వచ్చాక డబ్బా పెట్టించి, శుక్రవారం కాకపోయినా ఊదు వేశాను, చిటికెడే. ఎంతుందని అడిగితే నలభై ఒకటి అంది.

అప్పుడే కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. మరిది తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని దుకాణం మెట్ల మీద కూర్చున్నాడట, వదినె రానిది తియ్యనంటున్నాడట. మనవరాలు ఫోను నా వైపు చాపింది. నా చేతులకు పసుపు ఉంది, తీసుకోలేదు. ఇంకొంచెం పొద్దెక్కాక మళ్లీ చేశారు. యారాలే దారం కట్టిందట, తాళం తీశారట. ముడి ఎట్లా వేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.